గాటు కనపడని కాటు: ఒక కట్లపాము కేసు

నేను ఒక ఏరియా ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. చుట్టూ వరి, పత్తి, మిరప పొలాలు. వానలు మొదలైతే క్యాజువాలిటీకి పాముకాట్లు వస్తూనే ఉంటాయి. రక్తపింజర కరిస్తే కాలు వాచిపోతుంది, నొప్పికి మనిషి అల్లాడిపోతాడు. నాగుపామును చాలాసార్లు ఎవరో ఒకరు చూసే ఉంటారు. కట్లపాము దగ్గర ఈ ఆనవాళ్లేవీ ఉండవు. వాపు ఉండదు, చాలామందికి నొప్పీ తెలియదు, గాటు కనిపించదు. ఈ కేసులో రోగనిర్ధారణకు దారి చూపింది ఆ పాము ఎప్పుడు తిరుగుతుంది, ఎక్కడ తిరుగుతుంది అన్న వివరమే. అందుకే దీన్ని రాసిపెట్టాలనిపించింది. రోగిని, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు ముప్పై ఏళ్లలోపు. వ్యవసాయ కూలీ. ఒక్కటే గది ఉన్న ఇల్లు, మట్టి గచ్చు. గదిలో ఒక మూల ధాన్యం బస్తాలు, గోడ వెనక వంటచెరుకు మోపులు. ఆగస్టు నెల, రెండు రోజులుగా వాన. రాత్రి ఆమె, చిన్న కూతురు ఒకే చాప మీద పడుకున్నారు. భర్త, అతని తండ్రి వసారాలో పడుకున్నారు.

తెల్లవారుజామున మూడు గంటలప్పుడు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పితో లేచింది. రెండుసార్లు వాంతి అయింది. రాత్రి తిన్న కూర పడలేదనుకున్నారు. అయిదింటికి ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి గ్యాస్‌కు ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టాడు. ఏడింటికి "కళ్లు మూతలు పడుతున్నాయి" అంది. రాత్రంతా నిద్ర లేదు, పైగా ఇంజెక్షన్ మత్తు అనుకుని పడుకోబెట్టారు. తర్వాత నీళ్లు తాగబోతే గొంతు దిగకుండా ముక్కులోంచి వచ్చేశాయి. అప్పుడు భయపడి ఆటో మాట్లాడుకున్నారు. ఎనిమిదిన్నరకు మా దగ్గరికి వచ్చారు.

వచ్చినప్పటి పరిస్థితి

మెలకువగానే ఉంది, అడిగినవన్నీ అర్థమవుతున్నాయి. రెండు కనురెప్పలూ సగానికి వాలిపోయాయి. పైకి చూడమంటే నుదురు ముడతలు పడుతోంది కానీ రెప్పలు లేవడం లేదు. వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంది. మాట ముక్కుతో వస్తోంది. పడుకుని తల ఎత్తమంటే దిండు నుంచి కాస్త లేపి వదిలేసింది. చేతులు, కాళ్లలో బలం ఇంకా బాగానే ఉంది. నాడి 110, బీపీ 150/100, ఆక్సిజన్ 97 శాతం.

ఆ 97 చూసి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ కొంచెం ఊరట పడ్డాడు. నాకు మాత్రం ఆ అంకె ధైర్యం ఇవ్వలేదు. ఊపిరి కండరాలు బలహీనపడుతున్నప్పుడు ఆక్సిజన్ అంకె చిట్టచివర పడుతుంది. అది పడేసరికి చేతిలో మిగిలేది నిమిషాలే. అందుకని ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలదో చూశాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 30 దాకా సులువుగా వెళతారు. ఆమె 14 దగ్గర ఆగిపోయింది. దీనికి పరికరం అక్కర్లేదు, పది నిమిషాలకోసారి చేసుకోవచ్చు. ఆ తర్వాతి నిర్ణయాలన్నీ ఈ అంకెను పట్టుకునే తీసుకున్నాం.

ఇంతలో అత్తగారు నన్ను పక్కకు పిలిచి, "ఏమైనా మందు తాగిందేమో చూడండి సార్, నిన్న సాయంత్రం ఇంట్లో చిన్న మాటా మాటా వచ్చింది" అని మెల్లగా చెప్పింది. మా ప్రాంతంలో వాంతులతో వచ్చిన ఆడమనిషిని చూడగానే అందరి మనసులో మొదట మెదిలేది పురుగుమందే. ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు, అలాగని దానికే అతుక్కుపోకూడదు. మా దగ్గర ఎక్కువగా కనిపించే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే కంటిపాపలు సూదిమొనలా చిన్నవైపోతాయి, చెమటలు పోస్తాయి, నోటినిండా నురగ, ఊపిరితిత్తుల్లో గరగర, నాడి తరచూ నెమ్మదిస్తుంది. ఈమె కంటిపాపలు పెద్దగా ఉన్నాయి, ఒళ్లు పొడిగా ఉంది, నాడి వేగంగా ఉంది, వాసన లేదు. నోట్లో చేరిన లాలాజలం మింగలేక నిలిచినదే. ఆమెనే నేరుగా అడిగాను. కష్టం మీద తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మిగతావి కూడా వరసగా ఆలోచించాం. పక్షవాతం రెండు కళ్లనూ, గొంతునూ ఒకేసారి ఇలా పట్టడం అరుదు. నరాలు దెబ్బతిని ఒళ్లు చచ్చుబడే గియాన్ బారే జబ్బు సాధారణంగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది, అదీ రోజుల మీద. ఇక్కడ పైనుంచి కిందికి, గంటల్లో దిగుతోంది. రక్తంలో పొటాషియం పడిపోయినా కండరాలు బలహీనపడతాయి, కానీ ఈమెకు అది మామూలుగానే ఉంది. కండరాలు త్వరగా అలసిపోయే మయస్తీనియా జబ్బు అయితే సాధారణంగా ఇంతకుముందు ఎప్పుడైనా రెప్పలు వాలిన చరిత్ర ఉంటుంది, ఈమెకు లేదు. నిల్వ ఆహారం వల్ల వచ్చే బొట్యులిజంలోనూ ఇలాగే పైనుంచి దిగుతుంది. కానీ అదే కూర ఇంటిల్లిపాదీ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

అప్పుడు అడిగాను, "రాత్రి ఎక్కడ పడుకుంది?"

"చాప మీదే సార్, కిందే."

పాము సంగతి

కట్లపామును శాస్త్రంలో బంగారస్ సెరూలియస్ అంటారు. నాగుపాము కుటుంబానికే చెందుతుంది. ఎదిగిన పాము దాదాపు మీటరు పొడవుంటుంది, కొన్ని అంతకంటే బాగా పెరుగుతాయి. నల్లగా మెరిసే ఒళ్లు, దాని మీద సన్నటి తెల్లని కట్లు, చాలావరకు జంటలుగా. తల వైపు కట్లు మసకగా ఉంటాయి, కొన్నిటికి అసలుండవు. తోక వైపు వెళ్లేకొద్దీ స్పష్టమవుతాయి. పగలు ఎలుక బొరియలోనో, చెదపుట్టలోనో, ఇటుకల కుప్ప కిందో దాక్కుంటుంది. పగటిపూట కదిలించినా చాలాసార్లు ఉండచుట్టుకుని తలను చుట్టల కింద పెట్టేసుకుంటుంది. ఇది మెతక పాము అన్న నమ్మకం అక్కడే పుట్టింది.

చీకటి పడ్డాక దాని తీరు వేరు. వేటకు బయల్దేరుతుంది. ఇతర పాములను తినడం దాని ప్రత్యేకత, సాటి కట్లపాములనూ వదలదు. ఎలుకలు, బల్లులు, కప్పలు కూడా తింటుంది. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, దీపం ఉన్నచోట పురుగులు, పురుగుల కోసం బల్లులు. వానకు బొరియల్లో నీళ్లు చేరితే పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. ఇవన్నీ కలిసే చోటు మట్టి గచ్చున్న ఇల్లే. చాప కిందికో, దుప్పటి మడతలోకో దూరిన పాము మీద నిద్రలో చెయ్యో కాలో పడితే కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి, గాటు దోమ కుట్టినంత కూడా ఉండకపోవచ్చు. మనిషి ఒక్కోసారి లేవను కూడా లేవడు.

విషం రక్తాన్ని, కండను పెద్దగా తాకదు. నరం కండరాన్ని కలిసే చోటికి వెళుతుంది. రెండు మూడు గంటలు గడిచాక మొదటి లక్షణంగా చాలామందిలో కడుపునొప్పే వస్తుంది. అందుకే అర్ధరాత్రి కాటు తెల్లవారుజామున గ్యాస్ నొప్పి వేషంలో వస్తుంది.

ఆగస్టు, వాన, నేల మీద నిద్ర, గదిలో ధాన్యం, తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత రెప్పలు. నాకు ఇంకో సాక్ష్యం అవసరం అనిపించలేదు. అయినా తల వెంట్రుకల నుంచి కాలివేళ్ల సందుల దాకా ఇద్దరు సిస్టర్లు టార్చితో వెతికారు. ఏమీ దొరకలేదు. రక్తాన్ని గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచే పరీక్షలో గడ్డ మామూలుగానే కట్టింది. రక్తపింజర లేదనడానికి అది పనికొచ్చింది.

అదే నిమిషంలో ఇంకో మాట కూడా చెప్పాను. ఆ చాప మీద పడుకున్న పాపను వెంటనే తీసుకురమ్మన్నాను. ఒకే పక్క మీద పడుకున్న ఇద్దరినీ ఒకే పాము కరవడం కట్లపాము విషయంలో జరిగే సంగతే. పాప ఆడుకుంటూ వచ్చింది, ఏ లక్షణమూ లేదు. లక్షణాలు లేకుండా విరుగుడు ఇవ్వకూడదు, దాని ప్రమాదాలు దానికున్నాయి. వార్డులోనే 24 గంటలు పెట్టి రెప్పలు, మింగడం, ఊపిరి గమనించాం. ఏమీ కాలేదు, పంపించాం.

చేసినవి, పనిచేయనివి

గాటు లేకుండా, పాము కనపడకుండా ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు, మొదలుపెట్టడానికి చాలామంది డాక్టర్లు జంకుతారు. రియాక్షన్ వస్తే బంధువులకు ఏం చెప్పాలన్న టెన్షన్ అది. నా లెక్క వేరు. ఈ విషం నరాల చివర్లకు అంటుకుపోయాక విరుగుడు దాన్ని ఊడదీయలేదు. ఇంకా రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకోగలదు. కాబట్టి ఆలస్యమయ్యే ప్రతి గంటా తర్వాత వెంటిలేటర్ మీద రోజులుగా తేలుతుంది. విరుగుడు పది వయల్స్ (చిన్న సీసాలు) సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కేలా పెట్టాం. రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ ముందే సిరంజిలోకి తీసి మంచం పక్కన ఉంచాం. పావుగంటకే ఒళ్లంతా దద్దుర్లు, వణుకు. ఆపేసి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ తొడ కండరానికి ఇచ్చాం. తగ్గాక నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాం. రియాక్షన్ వచ్చిందని విరుగుడును అక్కడితో వదిలేయకూడదు.

దాంతోపాటే, స్రావాలు పెరగకుండా అట్రోపిన్ ముందు ఇచ్చి, నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని బలపరిచే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ చేశాం. ఎందుకంటే పామును ఎవరూ చూడలేదు. నాగుపాము విషం కండరం వైపున్న తాళాలను మూసేస్తుంది, నియోస్టిగ్మిన్‌తో ఆ తాళాలు తరచుగా తెరుచుకుంటాయి, రెప్పలు కళ్ల ముందే లేస్తాయి. కట్లపాము విషంలో ప్రధాన భాగం నరం కొసనే దెబ్బతీస్తుంది. సంకేతం పంపాల్సిన చివరే పాడైతే ఈ మందు చేయగలిగేది తక్కువ. రెప్పల మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకుని గంట ఆగి మళ్లీ కొలిచాం. మార్పు లేదు. అక్కడితో ఆపేశాం. పనిచేయలేదని తేలడం కూడా ఒక సమాచారమే, కట్లపామే అన్న నమ్మకం దాంతో బలపడింది. పనిచేయని మందును గంట గంటకూ ఇస్తూ పోతే స్రావాలు పెరిగి ఊపిరికే అడ్డం వస్తాయి.

ఆలోపు ఒక్క ఊపిరి లెక్క 14 నుంచి 11కు, తర్వాత 8కి దిగింది. ఆక్సిజన్ ఇంకా 96. తల అసలు లేవడం లేదు, లాలాజలం చెంప మీదుగా కారుతోంది.

ఇక్కడ రెండు దారులు. పెద్దాసుపత్రి రెండు గంటల ప్రయాణం. ఇప్పుడే పంపించేస్తే బాధ్యత తీరినట్టే కనిపిస్తుంది. కానీ దారిలో ఊపిరి ఆగితే కదిలే బండిలో గొంతులోకి ఊపిరి గొట్టం వేయడం ఎవరికైనా కష్టం. మా దగ్గర మత్తు డాక్టర్ ఆ వేళ ఉన్నారు, వెంటిలేటర్ ఖాళీగా ఉంది. ఎక్కడికి పంపాలన్నా ముందు గొట్టం వేసి తీరాలని నిర్ణయించుకున్నాం. వేశాక ఇక కదిలించే అవసరం లేదనిపించింది.

భర్త చేతులు జోడించాడు. "గొట్టం వేస్తే ఇక బతకరంట కదా సార్, మా ఊళ్లో ఒకరికి అలాగే అయింది." ఈ భయాన్ని కోపంతో తోసేస్తే సంతకం రాదు, నమ్మకం అసలే రాదు. అతన్ని కూర్చోబెట్టి చెప్పాను, ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె బాగుంది, మెదడు బాగుంది, ఊపిరి తీసే కండరాలు మాత్రం కొన్నాళ్లు పనిచేయవు, అవి లేచేదాకా మిషన్ ఆ పని చేస్తుంది. "ఎన్ని రోజులు సార్?" అన్నాడు. కొందరికి రెండు మూడు రోజులు, కొందరికి వారం దాటుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను. సంతకం పెట్టాడు. పదిన్నర దాటాక గొట్టం వేశాం. మధ్యాహ్నానికి చేతులు, కాళ్లు కూడా చాలావరకు పడిపోయాయి.

పక్షవాతం ఇంకా దిగుతోంది కాబట్టి మరో పది వయల్స్ ఇచ్చాం. మొత్తం 20తో ఆపేశాం. సాయంత్రం బంధువులు "ఎంత ఖర్చైనా బయట తెప్పిస్తాం, ఇంకా ఎక్కించండి" అని పట్టుబట్టారు. మన దేశంలో దొరికే ఏఎస్‌వీ ఒక మిల్లీలీటరుకు 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని అణచాలన్నది ప్రమాణం. 20 వయల్స్ అంటే 200 మిల్లీలీటర్లు, 90 మిల్లీగ్రాములు. ఒక కట్లపాము ఒక కాటులో దించేది అంతకంటే చాలా తక్కువ. ఈ విరుగుడు తయారీకి విషం ఎక్కువగా తమిళనాడులో 1978లో మొదలైన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచే వస్తుంది. ఒక ప్రాంతపు పాము విషానికీ ఇంకో ప్రాంతపు పాము విషానికీ తేడా ఉండొచ్చన్న మాట నిజమే. కానీ అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలను ఎన్ని వయల్స్ పోసినా బాగుచేయలేం. అవి మళ్లీ పెరగాలి. ఆ వయల్స్ రేపు వచ్చే ఇంకో మనిషికి కావాలి.

మూడో రోజు కాస్త ఊపిరి తనంతట తాను తీసుకోవడం మొదలైంది. మిషన్ సాయం తగ్గించి చూశాం. మొదట బాగానే ఉంది, తర్వాత ఊపిరి వేగం పెరిగి, నుదుట చెమట పట్టి అలసిపోయింది. మళ్లీ పూర్తి సాయంలో పెట్టాం. కట్లపాము కేసుల్లో ఊపిరి కనిపించడం, ఊపిరి నిలబడటం రెండూ ఒకటి కాదు. మెడ ఎత్తి అయిదు సెకన్లు నిలపగలిగేదాకా మళ్లీ ప్రయత్నించకూడదని నియమం పెట్టుకున్నాం.

పనిచేసింది

మిషన్ ఊపిరి పోసింది. కానీ ఆ రోజులను దాటించింది సిస్టర్ల చాకిరీ. గంట గంటకూ కఫం తీయడం, పక్కకు తిప్పడం, పూర్తిగా మూతపడని కళ్లలో మందు వేసి ప్యాడ్ పెట్టడం. కళ్లను వదిలేస్తే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, ప్రాణం దక్కి చూపు పోతుంది.

రెండో రాత్రి కొత్తగా డ్యూటీకి వచ్చిన ఒకరు కంటిపాపలు పెద్దవై వెలుతురుకు కదలడం లేదని, మెదడు పోయిందేమోనని నాకు ఫోన్ చేశారు. కట్లపాము కాటులో ఇది అతి ప్రమాదకరమైన పొరపాటుకు దారితీసే ఘట్టం. విషం కంటిపాప కండరాన్ని కూడా పడగొడుతుంది. కదలిక లేదు, పాపలు చలించవు, పిలిస్తే పలకదు. చూసేవాళ్లకు మనిషి లేనట్టే. లోపల మాత్రం పూర్తి మెలకువ. ఇలాంటి రోగిని మెదడు మరణం కింద లెక్కగట్టి ఇంటికి పంపితే అది ప్రాణం తీయడమే. నేను వెళ్లి ఆమె చెవి దగ్గర చెప్పాను, "అమ్మా, నా మాట వినిపిస్తే కాలి బొటనవేలు కదుపు." వేలు కదిలింది. చాలా కొంచెం, కానీ అడిగిన ప్రతిసారీ కదిలింది.

ఆ తర్వాత మంచం తల దగ్గర పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం: "ఈమెకు అన్నీ వినపడతాయి." ఒకసారి కదిపితే అవును, రెండుసార్లు కదిపితే కాదు. నొప్పి ఉందా, కఫం తీయాలా, పాప బాగుందని చెప్పారా. భయం తగ్గేలా కొద్దిగా మత్తు ఇచ్చాం, అది కూడా ఆమెను అడిగే. భర్త రోజూ పాప మాటలను ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చి వినిపించేవాడు.

అయిదో రోజు మెడ నిలిచింది, ఆరో రోజు గొట్టం తీశాం. రెప్పలు పూర్తిగా లేవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

ఆమె వార్డులో ఉండగానే పాములు పట్టే ఒక కుర్రాడు ఆ ఇంటికి వెళ్లి ధాన్యం బస్తాల వెనక ఎలుక బొరియలోంచి పామును తీశాడు. ఫోటో పంపాడు. ఊళ్లో కొందరు అది విషంలేని పాము అన్నారు. వుల్ఫ్ స్నేక్ అనే పాము నిజంగానే ఇలాగే కట్లతో ఉంటుంది, ఇళ్లలోనే తిరుగుతుంది. తేడా చూడాల్సిన చోట్లున్నాయి. వుల్ఫ్ స్నేక్‌కు కట్లు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతాయి, కట్లపాముకు దానికి తిరగేసి. కట్లపాముకు వెన్ను మధ్య వరస పొలుసులు పెద్దవిగా ఆరు పలకలతో ఉంటాయి. ఫోటోలో రెండూ స్పష్టంగా కనిపించాయి. ఒకటి మాత్రం చెప్పాలి, వైద్యానికి పాము అవసరం లేదు. దాన్ని వెతకబోయి రెండో మనిషి కాటు తిన్న సంఘటనలు చాలా ఉన్నాయి.

నేర్చుకున్నవి

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. తెల్లవారేసరికి చాప మీదే చనిపోయి కనిపించి, గుండెపోటు అనో, మందు తాగింది అనో ఊరు తీర్మానించేసిన మరణాల్లో కట్లపాము కాట్లు ఎన్ని కలిసిపోయాయో అని ఈ కేసు తర్వాత నేను తరచూ అనుకుంటాను. ఆమె ఊపిరి ఇంట్లోనే ఆగిపోయి ఉంటే అత్తగారి అనుమానమే చివరి మాట అయ్యేది. ఆ పాప అలాంటి కథ వింటూ పెరిగేది.

మా క్యాజువాలిటీలో ఇప్పుడు జూన్ నుంచి అక్టోబర్ దాకా ఒక పద్ధతి పెట్టుకున్నాం. తెల్లవారుజామున కడుపునొప్పితోనో, గొంతు పట్టేసిందనో ఎవరు వచ్చినా కేసు షీటు మీద "రాత్రి ఎక్కడ పడుకున్నారు" అని అడిగి రాయాలి. కింద అన్న జవాబు వస్తే రెప్పలు, మెడ, ఒక్క ఊపిరి లెక్క గంట గంటకూ చూడాలి. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపకూడదు. చుట్టుపక్కల ఊళ్లలో మొదట చూసేవాళ్లను కూడా పిలిచి ఇదే చెప్పాం. వాళ్లను తప్పుపట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, రాత్రి మూడింటికి ఆ ఇంటికి వెళ్లగలిగేది వాళ్లే. రెప్పలు వాలడం గమనించి 108కి ఫోన్ చేస్తే చాలు.

ఆరు వారాల తర్వాత ఆమె చూపించుకోవడానికి వచ్చింది. కళ్లు, మాట అన్నీ మామూలే. ఇంటి సంగతి అడిగాను. ధాన్యం బస్తాలు వసారాలో బల్ల మీదికి మార్చారట, బొరియలు పూడ్చారట. ఒక నవారు మంచం కొన్నారు, తల్లీ బిడ్డా దాని మీద పడుకుంటున్నారు. మగవాళ్లిద్దరికీ ఇంకా నేలే. రెండో మంచానికి డబ్బు కుదరలేదన్నాడు భర్త. దోమతెర కొనుక్కుని అంచులు చాప కిందికి గట్టిగా దోపుకోమని చెప్పాను. నేపాల్ దక్షిణాన ఉన్న తెరాయి మైదానాల్లో దోమతెర కింద పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తక్కువని గమనించారు, మన ఇళ్ల తీరూ దాదాపు అదే. తెర ఎలా దోపాలో మా సిస్టర్ వార్డులోని మంచం మీద అతనికి చేసి చూపించింది.